ఒక కిట్టు తక్కువ, ఒక కంప్యూటరు ఎక్కువ

మా ఊరి ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాలలో రొంగలి పైడికుమారి అనే విద్యార్థిని కంప్యూటరు తయారు చేసిందన్న ఆరోపణపై విచారణ జరిగింది. ఆరోపణ నిజమే. ఆమె తయారు చేసింది.

విచారణ సంఘంలో బయటివారు ఒకరు ఉండాలని నిబంధన. ఆ కళాశాలలోనే భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన నన్ను మించిన బయటి మనిషి దొరకరని ప్రిన్సిపాల్ డాక్టర్ కూర్మనాథరావు గారు భావించారు. అందువల్ల జరిగినదంతా దగ్గరగా చూశాను. చూసినంతే రాస్తున్నాను. కల్పించవలసిన అవసరాన్ని కళాశాల నాకు ఎక్కడా మిగల్చలేదు.

అన్నింటికీ మూలం పై నుంచి వచ్చిన ఒక ఉత్తర్వు. దాని పేరు స్వహస్త గణక మహోద్యమం. చివరి సంవత్సరం సైన్సు విద్యార్థినులు ప్రతి ఒక్కరూ సొంత చేతులతో ఒక కంప్యూటరు నిర్మించాలని అందులో మొదటి పేరా ఆదేశించింది. అందుకు తలకొక కిట్టు వచ్చింది. కిట్టు అంటే అట్టపెట్టె. అందులో అరచేతికన్న కాస్త పెద్దదైన పచ్చని పలక, దానికి గుచ్చి సీసంతో అతకవలసిన చిన్న చిన్న భాగాలు, అంకెల మీటలు, రెండు వరసల అక్షరాలు చూపే బుల్లి తెర ఉంటాయి. కూరలు తరిగి, పోపు సామాను పక్కన పెట్టి, పొయ్యి వెలిగించడం మాత్రం మిగిల్చినట్టు.

ఉత్తర్వులో రెండవ పేరా కూడా ఉంది. కిట్టులోని ప్రతి భాగమూ ప్రభుత్వ ఆస్తి కనుక ప్రతి భాగానికీ స్టాకు నంబరు వేయాలనీ, ఎప్పుడు తనిఖీకి వచ్చినా ఇచ్చిన స్థితిలోనే చూపాలనీ అది ఆదేశించింది. ఈ రెండు పేరాలూ రాసినవారు వేర్వేరు గదుల్లో కూర్చుని ఉంటారు. మధ్య గోడ గట్టిది.

ప్రారంభోత్సవానికి నన్ను పిలిచారు. పెట్టెలకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. కొబ్బరికాయ కొట్టారు. ప్రిన్సిపాల్ గారు చరిత్ర ఉపన్యాసకులు. మైకు అందుకుంటే యుగాల లెక్కన మాట్లాడతారు.

"ఇంతవరకు మన ఆడపిల్లలు కంప్యూటరు ముందు కూర్చున్నారు. నేటి నుంచి కంప్యూటరే మన ఆడపిల్లల ముందు కూర్చుంటుంది!"

చప్పట్లు మోగాయి. ఆ మాట అక్షరాలా నిజమవుతుందని అప్పుడు నాకు తెలియదు.

సభ అయ్యాక నా పాత ప్రయోగశాల చూద్దామని వెళ్లాను. అటెండరు సింహాచలం కిటికీ పక్కన బల్ల వేసుకుని, అగ్గిపుల్ల చివర దూది చుట్టి, తెల్ల పెయింటులో ముంచి, ఏదో గింజలకు పూస్తున్నాడు.

"ఏమిటి సింహాచలం ఇది?"

"నంబర్లేస్తన్నానండి మేడమ్. కుర్చీలకేసినట్టే. కుర్చీకైతే ఈపుంటాది. ఈటికి ఈపెక్కడున్నాదో తెలట్లేదు."

అవి కరెంటు పారుదలను తగ్గించే రెసిస్టర్లు. బియ్యపు గింజకన్న కొంచెం పెద్దవి. ఏది ఎంత విలువ గలదో దాని ఒంటి చుట్టూ ఉన్న రంగు గీతలను బట్టే తెలుస్తుంది. సింహాచలం ముందు గింజను మొత్తం తెల్లగా పూసి, ఆరిన తరువాత దాని మీద నల్ల సిరాతో నంబరు వేస్తున్నాడు. కళాశాల పేరు, విభాగం, సంవత్సరం కలిసిన పూర్తి నంబరు గింజ మీద పట్టదు కాబట్టి చివరి అంకె ఒక్కటే వేయమని ఆజ్ఞ అయిందట. అందువల్ల బల్ల మీద వందలాది తెల్ల గింజలున్నాయి. వాటికి పది అంకెలే ఉన్నాయి.

స్టోర్సు బాధ్యులు, వాణిజ్యశాస్త్రం ఉపన్యాసకులు తారకేశ్వరరావు గారు వెనకనుంచి వచ్చి గర్వంగా నిలబడ్డారు.

"ఇప్పుడు రమ్మనండి మేడమ్ దొంగల్ని!"

"రంగు గీతలు కనబడకపోతే ఏ రెసిస్టరు ఏదో పిల్లలకు ఎలా తెలుస్తుంది?" అని అడిగాను.

"అది సాంకేతిక విషయం మేడమ్. ఉందా లేదా అన్నది స్టాకు విషయం. ముందు ఉండాలి కదా. ఏదన్నది నిదానంగా తెలుసుకోవచ్చు."

పెట్టెలను మళ్లీ మూసి, గుడ్డపట్టీ చుట్టి, లక్క సీళ్లు వేసి పంచారు. ప్రయోగ తరగతులు మొదలయ్యాయి. పెట్టె తెరిస్తే సీలు పోతుంది. సీలు పోతే ఇచ్చిన స్థితి పోతుంది. తెరవకపోతే మొదటి పేరా నెరవేరదు. ప్రిన్సిపాల్ గారు ఒక రాత్రి ఆలోచించి దీనికి 'ససీలు నిర్మాణం' అనే పద్ధతి కనిపెట్టారు. ప్రతి విద్యార్థినీ తన పెట్టెను ఎదురుగా పెట్టుకుని, లోపలి భాగాలు ఏ క్రమంలో అతుక్కుంటాయో మనసులో భావిస్తూ, రికార్డులో బొమ్మ వేసుకోవాలి. కంప్యూటరు ఆడపిల్లల ముందు కూర్చుంది. ప్రయోగ పరీక్షలో పెట్టె ఆరు ముఖాలనూ వర్ణించమని అడిగారు. ఫలితాలు బాగున్నాయి. కింది ముఖం దగ్గర మాత్రమే కొందరు తడబడ్డారట.

పైడికుమారికి ఈ పద్ధతి అర్థం కాలేదు. ఆమె మావయ్యకు ఆర్టీసీ కాంప్లెక్సు వెనక మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే కొట్టు ఉంది. సెలవుల్లో అక్కడ కూర్చుని పెరిగిన పిల్ల. ఆ ఇంట్లో పెట్టె అనేది తెరవడానికే ఉంటుందని ఒక మూఢనమ్మకం. ఆమె సీలు తీసింది. సగం బ్లేడుతో ఒక్కొక్క రెసిస్టరు మీద పెయింటు గీకింది. గీకితే తెలుపుతోపాటు రంగు గీతలు కూడా ఊడివచ్చాయి. మావయ్య మల్టీమీటరుతో ప్రతిదాన్నీ కొలిచి, కాగితం ముక్కల్లో పొట్లాలు కట్టి, పేర్లు రాసుకుంది. తరువాత పలకకు గుచ్చి, అతికి, మిగిలిన తీగ కాళ్లు కత్తిరించి, కరెంటు ఇచ్చింది. తెర వెలిగింది.

అక్కడితో ఆగినా కొంత మేలే. వెలిగిన కంప్యూటరును ఊరికే ఎందుకు ఉంచాలని, దానికి సమయం చూడడం నేర్పి, కళాశాల కరెంటు గంటకు కలిపింది. మరునాడు ఉదయం మొదటి పీరియడు గంట సరిగ్గా సమయానికి మోగింది. కళాశాలలో ఏదో ఘోరం జరిగిందని అందరికీ వెంటనే తెలిసిపోయింది. అంతవరకు ఆ గంట సింహాచలం టీ ముగించాక మోగేది. ఆ రోజు మొదటి పీరియడు ఉన్న ఉపన్యాసకులలో కొందరు ఇంకా స్నానం చేస్తున్నారు.

సోమవారం నాడు విచారణ ప్రిన్సిపాల్ గదిలో జరిగింది. బల్ల మధ్యలో పచ్చని పలక. తెర మీద సమయం నడుస్తోంది. తారకేశ్వరరావు గారు ప్రశ్నలు మొదలుపెట్టారు.

"నీకు ఏమిచ్చాం?"

"కిట్టండి."

"ఏది?"

"ఇదేనండి."

"ఇది కంప్యూటరమ్మా. నేనడిగింది కిట్టు."

"ఆ కిట్టునే ఇలగ సేసినానండి."

"అంటే కిట్టు ఇప్పుడు లేదని ఒప్పుకుంటున్నావు." ఆయన గుమాస్తా వైపు తిరిగారు. "రాసుకోండి. కిట్టు ఒకటి తక్కువ." మళ్లీ పలక వైపు చూశారు. "మరి ఇదెక్కడిది? ఈ కళాశాలకు ఇలాంటి కంప్యూటరును ఎవరూ సరఫరా చేయలేదు. రాసుకోండి. కంప్యూటరు ఒకటి ఎక్కువ. ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు."

"తెలకపోడమేటండి? నానే సేసినాను. ఇందల ఉన్నాయన్నీ ఆ పెట్టిలోవే."

"చూడమ్మా, నీకు ఇడ్లీ పిండి అప్పగించాం అనుకో. పిండి ఏదమ్మా అంటే ఇడ్లీలు చూపిస్తావా?"

"సూపిత్తానండి. పిండి ఇచ్చింది దానికే గదండి?"

"వాదించకు. ఇక్కడ పిండి ప్రభుత్వానిది!"

ప్రిన్సిపాల్ గారు శాంతంగా కలగజేసుకున్నారు. "మేడమ్, నిపుణురాలిగా మీరేమైనా అడుగుతారా?"

"పనిచేస్తోందా?" అని అడిగాను.

"పనిచేస్తోంది మేడమ్. అదే కదా మన బాధ. పనిచేయకపోతే కిట్టు కొంచెం చెదిరిందని రాసి సర్దేసేవాళ్లం."

తీర్పు ఆ సాయంత్రమే వచ్చింది. తనిఖీలో ఎక్కువగా కనిపించిన వస్తువును నిల్వలో చేర్చుకోవాలన్న నిబంధన ప్రకారం కంప్యూటరుకు నంబరు వేసి, స్టాకులో చేర్చి, సాక్ష్యం కనుక గుడ్డలో మూటకట్టి సీలు వేశారు. పైడికుమారి తన కిట్టును ఇచ్చిన స్థితిలో తిరిగి అప్పగించేవరకు ఆమెకు బాకీలు లేవన్న పత్రం ఇవ్వరు. ఆ పత్రం లేనిదే టీసీ లేదు. ఆమెకు విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. శనివారంలోగా టీసీ చూపకపోతే అది తరువాతి వరుసలో ఉన్నవారికి పోతుంది.

తయారు చేయమని ఇచ్చినదాన్ని తయారు చేయడం నేరం కాదని నేను అసమ్మతి రాసి ఇచ్చాను. ప్రిన్సిపాల్ గారు రెండు చేతులతో అందుకున్నారు.

"అమూల్యమైన అభిప్రాయం మేడమ్. దీన్ని ఎంతో భద్రంగా కాపాడతాం."

కవరులో పెట్టి సీలు వేశారు.

గురువారం నాడు ఉద్యమ విజయాన్ని కళ్లారా చూడడానికి ప్రాంతీయ అధికారి వచ్చారు. ప్రయోగశాలలో పెట్టెలు వరసగా, తలకొక బంతిపువ్వుతో ఉన్నాయి. వాటి వెనక అమ్మాయిలు నిలబడ్డారు.

"నూటికి నూరు శాతం సర్," అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"సంతోషం. ఒకటి పనిచేస్తుండగా చూద్దాం."

తారకేశ్వరరావు గారు ప్రిన్సిపాల్ గారి చెవిలో ఏదో అన్నారు. సింహాచలం పరుగున వెళ్లి గుడ్డమూట తెచ్చాడు. దారిలో ఎవరో దానికి దండ కూడా వేశారు.

"ఇదేమిటి?" అన్నారు అధికారి.

"పనిచేసేది ఇదే సర్."

"మరి ఈ మూట ఏమిటి?"

"విచారణలో ఉంది సర్."

"ఏం చేసింది?"

"పనిచేసింది సర్."

అధికారి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన ఆ స్థాయికి ఊరకే రాలేదని నాకు ఆ క్షణంలోనే తెలిసింది.

"పనిచేయడం అనేది ఒక తాత్కాలిక స్థితి. ఇవాళ చేస్తుంది, రేపు మానేస్తుంది. సీలు అలా కాదు. కావున సీలు చెదరని ప్రతి పెట్టెనూ నిర్మాణం పూర్తయిన కంప్యూటరుగా పరిగణించడమైనది. తెరిస్తే సీలు చెదురుతుంది కనుక, దీన్ని ఎవరూ కాదనలేరు."

ప్రిన్సిపాల్ గారి కళ్లు చెమర్చాయి. అమ్మాయిలందరికీ అప్పటికప్పుడు కంప్యూటరు నిర్మాత అనే ధ్రువపత్రాలు పంచారు. ఒక్క పైడికుమారికి ఇవ్వలేదు. ఆమె పెట్టెకు సీలు లేదు. ఆ బ్యాచిలో కంప్యూటరు నిర్మించలేకపోయిన ఏకైక విద్యార్థినిగా ఆమె పేరు నివేదికలోకి ఎక్కింది.

వరండాలో స్తంభం పక్కన నిలబడి ఉంది. ఏడ్చి ఉంటుందనుకుని దగ్గరకు వెళ్లాను. లెక్క వేసుకుంటోంది.

"మేడమ్, కిట్టే గదండి ఆళ్లకి కావాలి? ఇప్పేత్తాను. ఐసీ చిప్పులు సాకెట్లలోనే పెట్టినాను, ఊడొచ్చేత్తాయి. మిగతాయికి సీసం పీల్చే పంపు మావయ్య కాడున్నాది. ఒక్క పూట సాలు."

"బాధగా లేదూ?"

"ఉన్నాది మేడమ్. కానీ ఎలగ సెయ్యాలో తెలిసిపోనాది గదా. నా బుర్రలోంచి అదీళ్లు ఇప్పించలేరు."

శుక్రవారం సంఘం ఎదుట మూట విప్పారు. పైడికుమారి ఒకసారి కరెంటు ఇచ్చింది. తెర మీద సమయం వచ్చింది. కాసేపు చూసి ఆపేసింది. గోడ గడియారం అరగంట వెనక నడుస్తోందని నేను తప్ప ఎవరూ గమనించలేదు. తరువాత ఆమె అతుకులు వేసే ఇనుము వేడిచేసి, సీసాన్ని కరిగించి పీలుస్తూ, అతికినదాన్నంతా ఒక్కొక్కటిగా ఊడదీసింది. ఊడిన ప్రతి గింజకూ సింహాచలం మళ్లీ తెల్ల రంగు పూశాడు. ఈసారి అతనికి చెయ్యి తిరిగింది.

తారకేశ్వరరావు గారు ఒక రెసిస్టరును వెలుతురులోకి ఎత్తి చూశారు.

"దీని కాళ్లు పొట్టిగా ఉన్నాయేం? ఇచ్చినప్పుడు పొడుగ్గా ఉండేవి."

"అతికినాక మిగిలిన కాళ్లు కత్తిరించాలండి."

"మరి ఆ ముక్కలు?"

ఆమె సంచిలోనుంచి పౌడరు డబ్బా తీసి బల్ల మీద గుమ్మరించింది. వెంట్రుకలంత తీగ ముక్కలు. అన్నీ దాచింది. తారకేశ్వరరావు గారు లెక్కపెట్టారు. తగ్గలేదు. జీవితంలో మొదటిసారి తన జాతి మనిషి ఎదురుపడ్డట్టు ఆ పిల్ల వైపు చూశారు.

"కిట్టు సరిపోయింది," అన్నారు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆయన మాత్రం కాగితంలో వేలు కిందికి జరిపి ఆగిపోయారు.

"కంప్యూటరు ఏది?"

"ఏ కంప్యూటరండి?"

"సోమవారం నాడు స్టాకులో చేర్చిన కంప్యూటరు. నంబరు కూడా ఉంది. ఉదయం మూటలో ఉంది. ఇప్పుడు లేదు."

"దాన్నే గదండి ఇప్పినాను! మీరు సూత్తండగానే!"

"కిట్టు విషయం అడగడం లేదమ్మా. కిట్టు సరిపోయింది. కంప్యూటరు ఒకటి తక్కువ. పోలీసులకు చెప్పాల్సి ఉంటుంది."

"పోనీ మల్లీ సేసీమంతారా?"

"చేస్తే కిట్టు తగ్గుతుంది," అన్నారు ప్రిన్సిపాల్ గారు విచారంగా. "ఏం చేస్తాం, చరిత్రలో కొన్ని సమస్యలకు పరిష్కారం ఉండదు."

గోడ గడియారం ప్రకారం కార్యాలయం మూసేందుకు ఇంకా గంట ఉంది. నిజానికి అరగంటే ఉంది. మరునాడు శనివారం. పైడికుమారి చేతిలోని ఇనుము ఇంకా చల్లారలేదు. ఆ బల్ల చుట్టూ తర్కంతో మాట్లాడి నేను సాధించింది సీలు వేసిన ఒక కవరు. కనుక ఈసారి వారి భాషలోనే మాట్లాడాను.

"ప్రిన్సిపాల్ గారూ, నిన్న ప్రాంతీయ అధికారి గారు ఏమని సెలవిచ్చారు? సీలు చెదరని పెట్టె ఏమవుతుంది?"

"పూర్తయిన కంప్యూటరవుతుంది మేడమ్."

"ఈ కిట్టును పెట్టెలో పెట్టి సీలు వేయండి. ఏమయింది?"

"కంప్యూ..." ఆయన ఆగిపోయారు.

"లోపల కిట్టు ఉంది కనుక కిట్టు. సీలు ఉంది కనుక కంప్యూటరు. ముందువైపు కిట్టు నంబరు వేయండి. వెనకవైపు కంప్యూటరు నంబరు వేయండి. కిట్లను ముందునుంచి లెక్కపెట్టండి. కంప్యూటర్లను వెనకనుంచి లెక్కపెట్టండి. రెండూ సరిపోతాయి."

తారకేశ్వరరావు గారు లేచి నిలబడ్డారు.

"మేడమ్, మీరు స్టోర్సులో ఉండాల్సినవారు. ఇన్నేళ్లు ఫిజిక్సులో వృథా అయిపోయారు." అంతలో మరో వెలుగు ఆయన ముఖం మీదికి వచ్చింది. "అంటే మిగతా పెట్టెలకు కూడా వెనకవైపు..."

"నిస్సందేహంగా."

"కళాశాల ఆస్తి రెట్టింపు సార్!" అని ఆయన ప్రిన్సిపాల్ గారి చెయ్యి పట్టుకున్నారు. "సింహాచలం! పెయింటు డబ్బా తే!"

"ఈపు దొరికినాదా బాబూ?" అన్నాడు సింహాచలం.

పత్రం మీద సంతకం అయింది. టీసీ కూడా తయారయింది. కానీ ప్రిన్సిపాల్ గారు ప్రవర్తన అన్న గడి దగ్గర కలం ఆపారు. అందరికీ 'సంతృప్తికరం' అని రాస్తారు. ఈమె విషయంలో అలా రాస్తే రేపు విశ్వవిద్యాలయంలో ఏదైనా జరిగితే బాధ్యత తమ మీదికి వస్తుంది. వారిని ముందే హెచ్చరించడం ధర్మమని ఆయన నిర్ణయించారు. గుండ్రని అక్షరాలతో ఒక వాక్యం రాసి, కింద ముద్ర వేశారు.

బయటికి వచ్చాక పైడికుమారి ఆ కాగితాన్ని నాకు చూపించింది.

'ఈ విద్యార్థినికి పెట్టెలు తెరిచే అలవాటు కలదు.'

"ఇది సదివితే ఆళ్లు సీటు ఇత్తారా మేడమ్? దిద్దమని బతిమాలీదా?"

"వద్దు. ఒక్క అక్షరం కూడా దిద్దించకు. ఈ కళాశాల ఒక విద్యార్థిని గురించి ఇంత మంచి మాట రాయగా నేను ఎన్నడూ చూడలేదు."

ఆమెకు నమ్మకం కుదరలేదు. కాగితాన్ని నాలుగు మడతలు వేసి, పౌడరు డబ్బా పక్కన సంచిలో పెట్టుకుని బస్సు ఎక్కింది.

శనివారం మధ్యాహ్నం ఫోను చేసింది.

"సీటు ఇచ్చినారు మేడమ్! ఆ రాసింది పెద్ద పొపెసరు గారు రెండుసార్లు సదివినారు. ఆ అలవాటు ఇంకా ఉన్నాదా లేదా అని అడిగినారు."

"నువ్వేమన్నావు?"

"అబద్దమాడితే దొరికిపోతానని, ఉన్నాదన్నానండి."

"ఆయనేమన్నారు?"

"ఎనక రమ్మన్నారండి. లేసి ఓ గదికి తీసుకెళ్లి తాళం తీసినారు." ఆమె గొంతు తగ్గించింది. "గది నిండా పెట్టెలే మేడమ్. ఒక్కదానికీ సీలు తియ్యలేదు."